రెండు పొట్టి, ఒక పొడుగు

ఇది మూడు తరాల గాథ. ఇందులో కొండలున్నాయి, వేట ఉంది, ఊరు ముంచేసే వాన ఉంది, ఆ వానలో కొడుకు కోసం ఎదురుచూసే ముసలి తండ్రి ఉన్నాడు. ఓపికున్నవాడు రాస్తే పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకు. అలా మొదలుపెడదామనే కూర్చున్నాను. కానీ నిజం చెప్పాలంటే ఇది గాజువాకలో ఒక బొంగు చికెన్ బండి దగ్గర నా ముక్కులోకి పోయిన పొగ గురించి. వేటంటారా, అందులో ఏమీ దొరకలేదు. ఎదురుచూపులంటారా, తండ్రి ఇక్కడ ఎదురుచూస్తున్నంతసేపూ కొడుకు అక్కడ మిరపకాయ బజ్జీలు తింటున్నాడు.

ద్వారకా నగర్‌లో నా ఉద్యోగం. పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్‌లో పిల్లలకు అర్థమెటిక్ చెప్పి, కూర్మన్నపాలెం ఇంటికి రోజూ బస్సులో వేలాడుతూ వస్తాను. మొన్నొక సాయంత్రం ఆకలేసి గాజువాకలో దిగాను. బండివాడు బొగ్గుల మీద వెదురు బొంగుల్ని దొర్లిస్తున్నాడు, చుట్టూ జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు, బొంగు చివర కట్టిన ఆకు మాడి, పచ్చి వెదురు చెమర్చి, చెరకు గెడ కాలినట్టు తియ్యగా, తడిసిన గోనెసంచి ఎండినట్టు వెగటుగా, రెండూ కలిసిన వాసన లేచింది. బొంగు అనగానే ఈ ఊళ్ళో అందరికీ చికెన్ గుర్తొస్తుంది. నాకు ఎర్రగా కాల్చిన ఇనప చువ్వ గుర్తొస్తుంది. ఆ చువ్వతో మా తాత వెదురు ముక్కకు కన్నాలు పెడుతుంటే సన్నగా మెలికలు తిరుగుతూ లేచే పొగ, ఆ పొగకు కళ్ళు చికిలించి, ఊపిరి బిగబట్టి, లోకంలో ఇంకేపనీ లేనట్టు కూర్చున్న ఆయన మోకాళ్ళు గుర్తొస్తాయి. చికెన్ కూడా తిన్నాను, అది వేరే సంగతి.

మాది పాడేరు దాటాక కొండల్లో ఊరు. బస్సు ఆగిపోయిన చోటు నుంచి ఇంకా నడవాలి, నడిచాక ఇంకా ఎక్కాలి, ఎక్కాక 'ఇదిగో వచ్చేసింది' అని పెద్దవాళ్ళు అబద్ధం చెబితే నమ్మి మళ్ళీ నడవాలి. నాన్న పెళ్ళయిన కొత్తలోనే కొండ దిగి వచ్చి, ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టరు కింద కరెంటు పనికి చేరాడు. నేను పుట్టింది, పెరిగింది కూర్మన్నపాలెంలోనే. అయినా ప్రతి ఎండాకాలం సెలవుల్లో నన్ను బస్సెక్కించి, ఘాట్ రోడ్డు మలుపులకు వాంతి చేసుకోకుండా చేతిలో నిమ్మకాయ పెట్టి, చేసుకున్నాక ఆ నిమ్మకాయను తిట్టి, ఊరికి తీసుకెళ్ళేవాళ్ళు.

ఆ ఊళ్ళో ఎండాకాలమంటే పనసకాయలు పగిలే వాసన, ఇప్పపూలు ఆరబోసిన చాపల మీద ముసిరే ఈగలు, పొయ్యిలో కాల్చిన పనసగింజల పొట్టు గోళ్ళల్లో ఇరుక్కుని సాయంత్రం దాకా పెట్టే సలుపు, రాగంబలి చల్లగా గొంతు దిగాక నాలుక మీద మిగిలే గరుకు. చైత్రమాసంలో ఇటుకల పండగ వచ్చేది. విత్తనాలు పూజలో పెట్టి, కొత్త మామిడికాయ కొండదేవతకు చూపించేదాకా ఎవరూ కాయ ముట్టకూడదు. నేను ముట్టాను. దేవత ఏమీ అనలేదు, నాన్నమ్మ అంది.

ఆ పండగకు మగవాళ్ళు వేటకు వెళ్ళేవారు. నా కాలానికే అది పేరుకు మిగిలిన వేట. అడవిలో జంతువుల కంటే వేటగాళ్ళే ఎక్కువ. అందరి నడుముల్లోనూ కత్తి పక్కన వెదురు పిల్లనగ్రోవి ఉండేది. మా వాళ్ళు పిల్లంగోయి అంటారు. వేటలో ఏదైనా పడితే కొండ మలుపు తిరక్కముందే పిల్లంగోయి ఊదుతూ దిగాలి; ఆ పాట వినబడితే ఆడవాళ్ళు పళ్ళేలు, నీళ్ళు పట్టుకుని ఎదురెళతారు. ఏమీ పడకపోతే ఊదకూడదు. అప్పుడు ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో ఎదురెళతారు. అందుకని ఉత్తచేతులతో వచ్చే మా వీరులు ముళ్ళపొదల్లోంచి దొడ్డిదారిన, పిల్లులకంటే మెత్తగా ఇళ్ళల్లోకి దూరేవారు. నేను చూసిన ప్రతి ఏడాదీ ఊరంతా అలాగే దూరింది. పేడనీళ్ళ వాసన లేని ఇటుకల పండగ నాకు తెలీదు.

పిల్లంగోయి పండగ సరుకు మాత్రమే అయితే ఇంత కథ లేదు. మా ఊళ్ళో ప్రతి మగవాడికీ ఒక పిలుపు ఉండేది. పిలుపంటే పాట కాదు, ఊపిరితో వేసే సంతకం లాంటిది. కుర్రాడు మొదటిసారి ఒంటరిగా కొండవాలు మీది పోడు చేనుకు వెళ్ళగలిగిన ఏడు, తాత వరస వాళ్ళెవరో చీకటి పక్షంలో వెదురు కొట్టి, పొయ్యి పైన పొగలో ఆరబెట్టి, చువ్వ కాల్చి కన్నాలు పెట్టి, ఆ పిల్లంగోయితో పాటు వాడి పిలుపు వాడికిచ్చేవారు. మా తాతది మెట్లు దిగినట్టుండేది. మా నాన్నది రెండు పొట్టి, ఒక పొడుగు. ఒకరి పిలుపు ఇంకొకరు ఊదకూడదు. ఊదితే అసలు మనిషి దారి తప్పుతాడంటారు. పెళ్ళి చూపులు కూడా దాదాపు దాంతోనే అయిపోయేవి. అవతలి కొండ మీద ఊదుతున్న తాత పిలుపు విని మా నాన్నమ్మ మనసు పడిందట. దగ్గరికొచ్చాక మొహం చూసిందట. అప్పటికి మాట ఇచ్చేశారు, ఏం చేస్తాం అనేది.

పొద్దుగూకే వేళ ఊరి తలకట్టున ఉన్న బండ మీద ఒక పెద్ద కూర్చుని ఊదేవాడు. అంటే, ఎక్కడెక్కడున్నారని. చేలల్లోంచి, వాగు గట్ల నుంచి, అవతలి వాలు నుంచి ఒక్కొక్కరూ తమ పిలుపు ఊది జవాబిచ్చేవారు. వాకిళ్ళలో ఆడవాళ్ళు చేతిపని ఆపకుండానే వినేవారు. ఎవరు ఎటునుంచి వస్తున్నదీ, ఎంత దూరంలో ఉన్నదీ, పాపం కాలికేమైనా తగిలిందా, ఊపిరి బరువుగా ఉందేమిటి అన్నదీ అన్నీ తెలిసిపోయేవి. జవాబు వినబడ్డ ఇంట్లో కుండ దించేవారు. జవాబు రాని ఇంట్లో కుండ దించరు, ఎవరూ ముద్ద ముట్టరు. వెతకడానికి మనుషులు బయలుదేరతారు. అందరూ వచ్చేదాకా ఆ బండ మీది పెద్ద దిగడు. చాలా ఏళ్ళు ఆ పెద్ద మా తాతే.

నాన్నమ్మ పోయిన ఏడు నాన్న తాతను కూర్మన్నపాలెం తెచ్చేశాడు. ఒక మూట, ఒక దుప్పటి, నడుములో పిల్లంగోయితో దిగాడు. మేముండేది మేడ మీద రెండు గదుల పోర్షన్. కింద ఇంటి ఓనరు నాయుడు గారు. ఆయనది క్రేన్ ఆపరేటరు ఉద్యోగం, ఎప్పుడు చూసినా నైట్ డ్యూటీ. తాత మొదటి రోజు సాయంత్రం ఇల్లంతా తిరిగి చూసి, అన్నిటికంటే ఎత్తు నీళ్ళ ట్యాంకేనని కనిపెట్టి, దాని పక్క గట్టు మీద కూర్చుని ఊదాడు.

ఆ వీధిలో పిల్లనగ్రోవి విన్నవాళ్ళున్నారు, అమ్మేవాళ్ళు పండగలకు వస్తారు. మనిషిని ఇంటికి పిలవడానికి ఊదడం ఎవరూ వినలేదు. నాన్న పని నుంచి ఆరున్నరకు వస్తాడు. పిలుపుకు జవాబివ్వడానికి పిల్లంగోయి పనికి పట్టుకెళ్ళడం ఆయన ఎప్పుడో మానేశాడు. ఒకసారి సంచిలో పెట్టుకెళితే గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు ఇదేమిటని అడిగి, నమ్మక, ఊది చూపించమని, చూపించాక ఇంకో పాట అడిగారట. జవాబు లేకుండా నాన్న మామూలుగా మెట్లెక్కి వచ్చేశాడు. తాత ఆయన్ని ఎదురుగా చూస్తూ కూడా అన్నానికి లేవలేదు. మనిషి వచ్చాడు నిజమే, జవాబు రాలేదుగా.

రెండో రోజూ అంతే. కంచం ముందు తాత, తాత ముందు అమ్మ, గుమ్మంలో నాన్న, ఆకలితో నేను. మూడో రోజు నాన్న వీధి చివర మోపెడ్ ఆపి హారన్ కొట్టాడు. రెండు పొట్టి, ఒక పొడుగు.

తాత ఊదడం ఆపాడు. "గేదె ఈనతన్నట్టుంది," అన్నాడు. తర్వాత గట్టు దిగుతూ, "పర్నేదు. మనిసి తెలుత్తన్నాడు," అని కంచం దగ్గర కూర్చున్నాడు. ఒక జాతి సంప్రదాయం పెట్రోలు బండి ఎక్కిన చరిత్రాత్మక ఘట్టమది. అమ్మ మాత్రం పులుసు మళ్ళీ వేడి చెయ్యాల్సి వచ్చిందని సణిగింది.

నాయుడు గారు వారం రోజుల్లో పైకి వచ్చారు. నైట్ డ్యూటీ మనిషికి సాయంత్రం అర్ధరాత్రితో సమానమని, ఆ నిద్ర చెడితే ఎత్తున కూర్చుని ఇనుము ఎత్తడం ప్రమాదమని మర్యాదగానే చెప్పారు. తాత విని, మీ ఇంటావిడ మీరు క్షేమంగా వస్తున్నారని ఎలా తెలుసుకుంటుందని అడిగాడు. ఫోన్ చేస్తానన్నారు. తాతకు ఫోన్ మీద పెద్ద గౌరవం లేదు.

"ఫోన్లో గొంతు వత్తాది బాబూ. ఏ పక్కనుండి వత్తన్నావో తెలీదు కదా," అన్నాడు.

నాయుడు గారు కిందికి దిగారు. తర్వాత ఆయన అలారం పెట్టుకోవడం మానేశారని, పిల్లంగోయి వినబడగానే లేచి స్నానం చేస్తున్నారని వాళ్ళావిడ అమ్మతో చెప్పింది.

ఇక వాన. నేను ఆరో తరగతి. సముద్రంలో వాయుగుండం కూర్చుని లేవనంది. బడి సెలవు, కరెంటు లేదు, ఇంట్లో ఆరేసిన బట్టలు ఆరక, ఎండు నెత్తళ్ళ వాసనకు తడి వాసన తోడై, గోడలకు చెమట పట్టి, ఎవరమూ ఒకచోట కూర్చోలేక గదిలోంచి గదిలోకి తిరుగుతున్నాం. ఉన్నవి రెండే గదులు కాబట్టి ఒకరికొకరం తగులుతున్నాం. నాన్న మాత్రం పనికి వెళ్ళాడు. పొద్దుగూకింది. ఆరున్నర దాటింది. జంక్షన్ దగ్గర నడుంలోతు నీళ్ళని కబురొచ్చింది. నాన్న ఫోన్ మోగడం లేదు.

తాత ట్యాంకు పక్కన రేకు కింద నిలబడి ఊదుతున్నాడు. తడి వెదురు గొంతు రాసుకుపోయినట్టు పలుకుతుంది. ఊదడం, పంచె కొసతో తుడవడం, మళ్ళీ ఊదడం. జవాబు లేదు. అమ్మ గిన్నె మీద మూత తియ్యలేదు, పెట్టలేదు, చేత్తో పట్టుకుని నిలబడింది. నేను కిటికీకీ మెట్లకూ మధ్య తిరుగుతున్నాను. ఆ సాయంత్రం కాళ్ళల్లో దూరినదేదో ఇప్పటికీ దిగలేదు.

తాత పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. వానలో నిలబడి వణుకుతున్నాడు. అమ్మ గబగబా కిందికెళ్ళి నాయుడు గారితో ఏదో చెప్పింది. ఆయన లుంగీ ఎగ్గట్టి, గొడుగు పట్టుకుని, తన స్కూటరును నడిపించుకుంటూ వీధి చివరికి వెళ్ళారు. కాసేపటికి హారన్ వినిపించింది. రెండు పొట్టి, ఒక పొడుగు. తప్పులేకుండా కొట్టారు పాపం, రోజూ వింటున్న మనిషేగా.

అమ్మ పైకెళ్ళి, "వచ్చీసారు మావా, కిందికి రా, తిందువుగాని," అంది.

తాత కదల్లేదు. అమ్మ మీద కోపం కూడా పడలేదు.

"అది నా కొడుకు కాదే. నాయుడు," అన్నాడు. "ఆడి పిలుపు ఇంకెవులూ కొట్టకూడదు. నాయుడు తడిసిపోతన్నాడు, పైకి రమ్మను."

నాయుడు గారు వచ్చి తాత పక్కన రేకు కింద నిలబడ్డారు. ఆ రోజు ఆయన డ్యూటీకి వెళ్ళలేదు. వాళ్ళావిడ భోజనానికి పిలిస్తే, కాసేపాగి తింటానన్నారు. ఒకాయన ఊదుతున్నాడు, ఒకాయన గొడుగు పట్టాడు. కింద ఇంట్లోనూ కుండ దించలేదన్నమాట.

అప్పుడు, చాలా దూరంలో, ఏనుగు గొంతుతో ఏదో అరిచింది. హైవే మీద లారీ హారన్. మేమంతా జంక్షన్ వైపు చూశాం. తాత మాత్రం అటు కాకుండా ఎడమకు, అగనంపూడి వైపు తల తిప్పాడు. మళ్ళీ అరిచింది. రెండు పొట్టి, ఒక పొడుగు. వానను పక్కకు తోసేసేటంత పొడుగు.

"వత్తన్నాడు," అన్నాడు తాత. పిల్లంగోయి తుడిచి నడుములో పెట్టుకున్నాడు. "ఆ పక్కనుండి వత్తన్నాడేటి? అన్నం వడ్డించండి."

అప్పుడు అమ్మ ఏడ్చింది. నాయుడు గారు గొడుగు ఎటో పెట్టి మర్చిపోయి రెండ్రోజులు వెతుక్కున్నారు.

జరిగిందేమిటంటే, నాన్న మోపెడ్ నీళ్ళల్లో ఆగిపోయింది, ఫోన్ తడిసింది. ఒక లారీ ఎక్కించుకుంది కానీ జంక్షన్ దగ్గర ఆపడానికి వీల్లేక అగనంపూడి దాకా తీసుకుపోయింది. అక్కడ ఒక బడ్డీ దగ్గర లారీ ఆపి, ఇద్దరూ బజ్జీలు తిన్నారు. తర్వాత తగ్గిన వానలో వెనక్కి వస్తూ, నాన్న హారన్ కొట్టనిమ్మని అడిగితే డ్రైవరు ఎందుకన్నాడట. చెబితే నవ్వలేదట. ఒరిస్సా కొండల మనిషి. పిలుపు ఎలా ఉండాలో తెలుసుకుని, హారన్ లాగే తీగ నాన్న చేతికే ఇచ్చాడట, ఎవరిది వాళ్ళే కొట్టాలి కాబట్టి. ఇదంతా విన్నాక తాత అడిగింది ఒక్కటే: బజ్జీలు ఇంటికి తేలేదేమని.

నా పిల్లంగోయి విషయానికొస్తే, అది రాలేదు. ఒంటరిగా చేనుకు వెళ్ళిన కుర్రాడికే పిలుపిస్తారు. నేను ఒంటరిగా వెళ్ళింది గాజువాక ట్యూషన్‌కు. అది చేను కిందికొస్తుందా రాదా అని తాత కొన్నేళ్ళు తర్జనభర్జన పడ్డాడు. చివరికి వస్తుందనుకున్నాడు, వచ్చే చీకటి పక్షంలో ఊరికెళ్ళి వెదురు కొట్టుకొద్దామన్నాడు. ఆ పక్షం రాకముందే, మామూలు జ్వరమనుకున్నది మామూలుది కాక, పోయాడు. మనిషి పిల్లంగోయి మనిషితోనే పోవాలి గనుక ఊళ్ళో ఆయనతో పాటే దాన్నీ మట్టిలో పెట్టారు. మా ఇంట్లో తాత గుర్తుగా వెదురు పుల్ల కూడా లేదు. నాకు పిలుపు లేదు.

దాని బదులు నాకొక జబ్బు ఉంది. పొద్దుగూకితే చాలు, ఎక్కడున్నా కూర్చోలేను. స్నేహితులందరికీ 'ఎక్కడ' అని మెసేజ్ పెడతాను. నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే ముద్ద దిగదు. 'వీడి దగ్గర అప్పు తీసుకున్నామేమో గుర్తు చేసుకోండ్రా' అని నవ్వుకుంటారు. ఊళ్ళో తాత కూర్చున్న బండ మీద ఇప్పుడు సెల్ టవర్ ఉంది. అన్యాయమని రాద్దామనుకున్నాను కానీ, ఆ ఊళ్ళో సిగ్నల్ ఎత్తుగా కూర్చోవాల్సింది అక్కడేనని మావాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. పొద్దుగూకితే ఎవరూ ఊదరు. ఇటుకల పండగకు పేడనీళ్ళు మాత్రం ఉన్నాయట.

మొన్న ఆ బండి దగ్గర చికెన్ తిన్నాక, బండివాణ్ణి ఒక వెదురు ముక్క అడిగాను. బొంగులు లావు, వాటిని ఊదాలంటే ఎద్దు ఊపిరి కావాలి. బొగ్గులు కెలికే సన్నటి గెడ ఒకటుంటే విరిచిచ్చాడు. ఇంటికొచ్చి గ్యాసు మీద స్క్రూడ్రైవరు కాల్చి కన్నాలు పెట్టాను. అదే పొగ, అదే వాసన. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత స్క్రూడ్రైవరు పాడుచేశానని అంది.

మర్నాడు ఆదివారం. పొద్దుగూకే వేళకు ట్యాంకు పక్క గట్టు మీద కూర్చుని ఊదాను. నాకు పిలుపు లేదు కాబట్టి దేన్నీ ఊదలేదు, ఊరికే ఊదాను. 'ఫుస్' మంది. మళ్ళీ ఊదాను. బలంగా 'ఫుస్' మంది. రిటైరై కిందే ఉంటున్న నాయుడు గారు వాకిట్లోంచి తలెత్తి, "ఒరే, పైన గ్యాసేటైనా లీకవుతందేటి? వాసన సూసుకోండ్రా," అన్నారు.

ఆయన మాట పూర్తికాకముందే గేటు దగ్గర హారన్. రెండు పొట్టి, ఒక పొడుగు.

నాయుడు గారు గ్యాసు సంగతి మర్చిపోయి నిలబడిపోయారు. వంటింట్లో మూత చప్పుడైంది. అమ్మ గిన్నె దించింది. నేను మెట్లు ఎలా దిగానో తెలీదు. గేటు తీసి, పైనుంచి నేనూదింది వినబడిందా అని నాన్నను అడిగాను.

"ఊదేవేటి?" అన్నాడు నాన్న, బండి లోపలికి తోస్తూ. "గొళ్ళెం బయట్నుండి రాదు కదరా. అందుకని కొట్టాను."

నిజమే. సముద్రపు గాలికి ఆ గొళ్ళెం తాత పోయిన ఏడే తుప్పు పట్టింది. కాస్త గ్రీజు పూస్తే బయట్నుంచి కూడా వస్తుంది. గ్రీజు కూర్మన్నపాలెం జంక్షన్‌లో హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, మా ఇంటికి నాలుగడుగులు. ఇంకా ఎవరమూ తేలేదు.